సగం పండు

ఆ ఉదయం ఆకాశం నిండా మబ్బు పట్టింది గాని చినుకు రాలలేదు. ఆస్పత్రి గదిలో మా మనవడు తవిటయ్యకు దగ్గు తెర వచ్చినప్పుడల్లా ముఖం నీలమెక్కుతోంది. కోరింత దగ్గట. సూదులు పోయి, డ్రోన్లు ఇంటింటికీ టీకా అరటిపండ్లు దించడం మొదలయ్యాక ఆ పేరే మరిచిపోయాం.

“పిల్లాడికి పండు పెట్టలేదా?” అంది నర్సమ్మ.

“పెట్టానమ్మా,” అంది నా భార్య అసిరమ్మ. “పక్కింటి పైడి గుమ్మంలో నిలబడి సూస్తంది. వలసొచ్చినోళ్ళ పిల్ల, దానికింకా పండు రాలేదు. ఈడొక్కడికే పెడితే దిష్టి తగల్దేటి? సగం దానికిచ్చాను.”

నర్సమ్మ తవిటయ్య చీటీలో అది రాసుకుంది.

“సగం తింటే టీకా పడదమ్మా. ఇద్దరికీ పడలేదు.”

అసిరమ్మ తవిటయ్య వీపు నిమరసాగింది. పైడి వాళ్ళ ఇంటి గుర్తులు నేను నర్సమ్మకు చెప్పాను.

మధ్యాహ్నం నర్సమ్మ పైడిని పిలిపించి, చేతిలో ఒక పండు పెట్టింది. మేం వరండాలో క్యారేజీ విప్పాం. పైడి పండు ఒలిచి, మా ఇంట్లో నేర్చుకున్నట్టే మధ్యకు తుంచి, సగం తవిటయ్య గదివైపు చాచింది. అసిరమ్మ ఆ చెయ్యి పట్టుకుని, ఆ ముక్క కూడా దాని నోటికే అందించింది. లోపల దగ్గు ఆగలేదు. ఆ దగ్గు వింటూనే మేం అన్నం తిన్నాం.