ఇరవైనాలుగు అంగుళాలు

ఆ పొద్దున మబ్బు ముక్త్యాల వైపు నుంచి లేచి జగ్గయ్యపేట మీదకొచ్చి ఆగింది. కురవలేదు, కదల్లేదు.

బాణాలు చేసే వీరరాఘవయ్య వెదురుపుల్ల మీద రంపం పెట్టి చెయ్యి ఆపేశాడు.

"పిల్ల లేకుండా బాణం ఎట్టా కొయ్యమంటావయ్యా? పుల్ల గుండెకి ఆనించి, రెండు చేతులూ ముందుకి చాపించి, వేళ్ల చివర చూసుకుని కోస్తాం. నువ్వేమో సంచీ పట్టుకుని ఒక్కడివే వచ్చావు."

"జాయిస్ నందిగామ హాస్టల్లో ఉందండీ," అన్నాడు కృపారావు. "ఉన్న బాణాలు విరిగిపోయినయ్యంట. రాత్రి ఫోన్ చేసింది. పదింటికల్లా సెలెక్షను. నిరుడు మీరు కోసిందే ఒకటి ఇంట్లో ఉంటే తెచ్చా. ఇరవైనాలుగు అంగుళాలు. దీనికి సరిగ్గా ఆరు కొయ్యండి."

"పోనీ రెండంగుళాలు ఎక్కువ వదల్నా? పొడుగైతే ఫర్వాలేదు, పొట్టిదైతేనే లాగినప్పుడు మొన విల్లు దాటి చేతి మీదకొచ్చుద్ది."

"బరువెక్కి కిందకి పోద్దండీ. వచ్చే ఏడు వయసు దాటిపోద్ది, దానికి అకాడమీ సీటంటే ఇవాళే. నా కూతురి కొలత నాకు తెలీదా?"

"తెలిస్తే సరే. కోసినాక అతికేది ఉండదు," అని రంపం ఆడించాడు వీరరాఘవయ్య.

నందిగామ గ్రౌండులో జాయిస్ బాణాలు అందుకుంది. ఒకటి తీసి కాసేపు పట్టుకుని చూసింది.

"ఎట్టా ఉన్నయ్యే? పేటలో దగ్గర కూర్చుని కోయించా," అన్నాడు కృపారావు, పక్కనున్న వాళ్లందరికీ వినపడేట్టు.

"బాగున్నయ్ డాడీ."

మొదటి బాణం గడ్డం దాకా లాగింది. లాగి, వదలకుండానే ఒక్కసారిగా దించేసింది. వెనక్కి తిరిగి కాసేపు వంగి నిలబడింది. తర్వాత విల్లు పిడికి కర్చీఫు చుట్టి పట్టుకుంది. అక్కణ్ణుంచి నారి సగానికి మించి లాగలేదు. బాణాలన్నీ టార్గెట్ కిందే నేలలో దిగబడినయ్.

"లాగమ్మా! గడ్డం దాకా లాగు!" తాడు అవతల నుంచి కృపారావు గొంతు చించుకున్నాడు.

"ఏం కృపారావూ, మీ అమ్మాయి బాణాలేస్తందా, జొన్నచేలో పిట్టల్ని తోలతందా?" అన్నాడు ఎవడో. నలుగురూ నవ్వారు.

మధ్యాన్నం పేర్లు చదివారు. జాయిస్ పేరు లేదు. కృపారావు పోయి సెలెక్షన్ సారు జయరాజ్‌ని బతిమాలాడు.

"సార్, ఇంకొక్కసారి చూడండి సార్. మా పిల్ల బాగా వేసుద్ది."

"గురి మంచిదేనండీ. లాగటానికి భయపడతంది. భయమున్నోళ్లకి ఈ ఆట పనికిరాదు." సారు కాగితాలు సర్దుకున్నాడు. "వచ్చే ఏడుకి వయసూ దాటిపోద్ది. ఇంక చేసేదేం లేదు."

కృపారావు తిరిగొచ్చి కూతురి ముందు నిలబడ్డాడు.

"భయమేసిందా?"

జాయిస్ ఎడంచెయ్యి జేబులో పెట్టుకుని నేలకేసి చూస్తోంది. "ఊఁ."

"దేనికే భయం? పులొచ్చిందా? చేతికందిన సీటు పారబోసుకున్నావు గదే. ఇంక మీ అమ్మతో పాటు పత్తి తీతకి పో. బతుకంతా వంగే ఉండు."

"సరే డాడీ."

తిట్టటానికి కూడా ఓపిక లేనోడిలా కృపారావు గోడ నీడలో చతికిలబడ్డాడు. చాలాసేపటికి క్యారేజీ విప్పాడు. భార్య పున్నమ్మ పొద్దున్నే వండి పెట్టిన అన్నం, దోసకాయ పప్పు. గిన్నె కూతురి ముందుకి జరిపి, తను మూతలో పెట్టుకున్నాడు.

ఇద్దరూ తింటున్నారు. గ్రౌండులో టార్గెట్లు పీకి ఆటోలోకి ఎక్కిస్తున్నారు.

జాయిస్‌కి పొలమారింది. నీళ్లసీసా మూత ఒంటి చేత్తో రాలేదు. ఎడంచెయ్యి జేబులోంచి తీసింది. బొటనవేలి మొదట్లో బాణం మొన దిగిన గాటు, చుట్టూ ఎండిన నెత్తురు.

నిరుడు కొన్నప్పుడు గోళ్ల దాకా కప్పిన ట్రాక్‌సూట్ చెయ్యి, ఇప్పుడు మణికట్టుకి నాలుగు వేళ్లు పైనే ఆగిపోయింది.