తొండం విరిగిన ఏనుగు

మొదటిసారి కుండ పగలకుండా బట్టీలోంచి బయటికొచ్చింది. కృపారాణి దాన్ని చేతుల్లోకి తీసుకుని వేలితో కొట్టి చూసింది. ఖంగుమంది. ఎగిరి గంతేయాల్సిన మనిషి కాస్తా గోడకు జారగిలబడి కూర్చుండిపోయింది.

"సాధించేసినావే!" అన్నాడు జయరావు. గీదం రైల్వే స్టేషన్‌లో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ ఆయన. కుండలు చేయాలన్న పెళ్లాం ముచ్చట తీర్చడానికి అద్దె ఇంటి వెనక పాడుబడ్డ పశువుల కొట్టాన్ని నెల్లాళ్లు తనే బాగుచేశాడు. మోటారుతో తిరిగే కుమ్మరి సారె తెప్పించాడు. పాత డ్రమ్ముతో బట్టీ కట్టించాడు. "ఏటలా కూకుండిపోనావు?"

"కళ్లు తిరిగినాయి" అని అబద్ధమాడింది కృపారాణి.

ఆ కుండ ఎందుకు పగల్లేదో ఆమెకొక్కదానికే తెలుసు.

మూడు నెలలుగా ఒకటే వరస. చేయడం, ఆరబెట్టడం, కాల్చడం, పెంకులు ఏరుకోవడం. సారె తిప్పడం ఫోన్‌లో చూసి నేర్చుకుంది. మట్టి పదును చూడటం మాత్రం సోమి నేర్పింది. సోమి కుమ్మరి మంగల్ పెళ్లాం. పుట్టిల్లు బీజాపూర్ అవతల, తెలుగొచ్చు. వాళ్లింట్లో సారె మీద కూర్చునేది మంగల్, మట్టి కలిపేది సోమి. రోజూ పొద్దున్నే వచ్చి, కృపారాణి పెట్టిన టీ తాగి, ఆమెకు మట్టి తొక్కి ఇచ్చి వెళ్లేది. తెలుగు రాని ఈ ఊళ్లో కృపారాణికి మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఆమె ఒక్కతే.

ఒక్క సంగతి దగ్గర మాత్రం సోమి నోరు విప్పేది కాదు. మంగల్ కాల్చిన కుండ పగిలిందని ఊళ్లో ఎవరూ విన్నది లేదు. "ఏం కలుపుతావే మీ మట్టిలో?" అని అడిగితే, "ఏముంటదక్కా, మట్టి, నీళ్లు" అని నవ్వేసేది.

కాల్చిన మట్టిని దంచి కలిపితే కుండ నిలుస్తుందని ఫోన్‌లో ఎవరో చెప్పారు. కృపారాణి ఇటుక దంచింది. తన పెంకులే దంచింది. అయినా పగిలాయి. అప్పుడు పడింది కన్ను మాతగుడి ఏనుగుల మీద.

బిడ్డకు జ్వరం తగ్గితే ఒకటి, తప్పిపోయిన ఎద్దు దొరికితే ఒకటి, మొక్కుకున్నవాళ్లు మంగల్ చేత మట్టి ఏనుగులు చేయించి గుడి దగ్గర పెడతారు. ఏళ్ల తరబడి ఎండకు ఎండి వానకు తడుస్తున్నా చెక్కుచెదరవు. ఓసారి అటుగా వెళ్తూ, పక్కకు ఒరిగిన ఏనుగును కృపారాణి నిలబెట్టబోతే, సోమి చేయి పట్టుకుని లాగేసింది.

"ముట్టకక్కా! పెట్టినంక అది మాతదే. ఇరిగినా మాతదే. ఊరోళ్లు చూస్తే మన గడప తొక్కరు."

ఇంత చెప్పినా పోయింది. పోయిన ఆదివారం, ఊరంతా సంతలో ఉన్న వేళ, చర్చి నుంచి వస్తూ, తొండం విరిగిన ఏనుగునొకదాన్ని కొంగుచాటున తెచ్చేసింది. రోట్లో వేసి దంచింది. మొదటి దెబ్బకే చెవి ఊడిపడింది. ఏ తల్లి ఏం మొక్కుకుందో అనుకుంది. అనుకుంటూనే మెత్తగా దంచింది.

ఇప్పుడు కుండ నిలిచింది. జయరావు అందులో నీళ్లు పోసి, చల్లగా ఉన్నాయని రెండు గ్లాసులు తాగాడు. కృపారాణి పాత బిందెలో నీళ్లే ముంచుకుంది.

మర్నాడు సోమి వచ్చింది. కుండ చూసి మురిసిపోయింది. తిరగేసి అడుగున గోటితో గీకి చూసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

"ఏం కలిపినవక్కా?"

"ఇటుక పొడి."

"ఇటుకనా?"

సోమి ఇంకోసారి గీకింది. కుండ కింద పెట్టి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది.

మళ్లీ రాలేదు. మూడు రోజులు, వారం, రెండు వారాలు. సంతలో ఎదురైతే కొంగు ముందుకు లాక్కుని పక్క సందులోకి తిరిగింది. తెలిసిపోయిందన్న మాట. కృపారాణికి అన్నం సయించలేదు. చర్చిలో "దొంగిలవద్దు" అన్న మాట చదువుతున్నప్పుడు పాస్టరు తనవైపే చూస్తున్నట్టనిపించింది. దేవుడి సొమ్ము తిన్నాను, చెల్లెల్లాంటి మనిషిని పోగొట్టుకున్నాను అని కుమిలిపోయింది. ఊరికి తెలిస్తే తెలియనీ, సోమి దగ్గర మాత్రం ఇంక దాచకూడదనుకుంది.

మిగిలిన పొడి టిఫిన్ డబ్బాలో పోసుకుని సోమి ఇంటికి వెళ్లింది. మంగల్ సంతకు పోయాడు. సోమి ఒక్కతే వాకిట్లో మట్టి తొక్కుతోంది. ఈమెను చూసి కొయ్యబారిపోయింది.

కృపారాణి డబ్బా మూత తీసి ముందు పెట్టింది.

"ఇటుక కాదే సోమీ. మాతగుడి ఏనుగు. నేనే ఎత్తుకొచ్చి దంచినాను. తిట్టు, కొట్టు, ఊరందరికీ చెప్పు. నాతో మాట మానేయకు."

సోమి పొడి వంక చూసింది. చిటికెడు తీసి వేళ్ల మధ్య నలిపింది. లేచి సందు ఇటూ అటూ చూసి తడిక మూసింది.

"ఇంకెవలికన్న జెప్పినవా?"

"లేదు. ఒట్టు."

సోమి మట్టి చేతులతో కృపారాణి రెండు చేతులూ పట్టుకుంది.

"గుడి ఏనుగుల పొడి కలిపితెనే కుండ నిలుస్తదని మా అత్త సచ్చేటప్పుడు నా ఒక్కదాని చెవిల జెప్పింది, నీకెవలు జెప్పిండ్రక్కా?"