పొద్దుటి లెక్క

“పన్నెండు. అను.”

“పన్నెండు,” అంది చిట్టి.

“లెక్క ఏంటి?”

చిట్టి గోడకేసి చూసింది. పెన్సిల్ బల్ల మీద దొర్లింది. తల్లి దాన్ని అందుకుని మళ్లీ ఆమె వేళ్ల మధ్య పెట్టింది.

“ఒక సంఖ్యలో మూడో వంతు, నాలుగో వంతు కలిపితే ఏడు. ఆ సంఖ్య ఎంత? పన్నెండు. అందులో మూడో వంతు నాలుగు, నాలుగో వంతు మూడు. కలిపితే ఏడు. ఇంతే కదా, నా తల్లీ!”

“నాలుగు... మూడు...” అని ఆగిపోయింది చిట్టి. “ఎందుకమ్మా మూడు?”

తల్లికి ఏడుపు ముంచుకొచ్చింది. తమాయించుకుంది.

అది ఆ పొద్దున ఏడో తరగతికి ఇచ్చిన లెక్క. గంట కొట్టగానే, పాఠం మొదలుకాకముందే, పిల్లల బుర్రలు చురుగ్గా కదలడానికి బడిలో రోజుకో లెక్క బోర్డు మీద రాస్తారు. దాన్నే అందరి ఇళ్లకూ ఫోన్లో పంపుతారు. మెదడువాపు జ్వరం రాకముందు చిట్టికి ఆ లెక్కలంటే ప్రాణం. పళ్లు తోముకుంటూ కూడా వాటి ఊసే. ఆసుపత్రి నుంచి తెచ్చాక మాట తిరిగి వచ్చింది, నడక వచ్చింది. అంకెలు మాత్రం రాలేదు.

“ఇంక వదిలెయ్యవే,” అన్నాడు తండ్రి, గుమ్మంలో వంగి బూట్లు తొడుక్కుంటూ. “దాని మొహం చూడు, ఎలా వాడిపోయిందో.”

“వదిలేస్తే ఎలా? బడి పెద్ద మేడమ్ వచ్చే వేళయింది. ఒక్క లెక్క చేసి చూపిస్తే చోటు ఉంచుతామన్నారు. లేకపోతే ఇంకొకరిని తీసుకుంటారట.”

“తీసుకోనీ. పిల్ల బతికి బట్టకట్టింది, నాకదే చాలు.”

“మీకు చాలు. దానికి చాలా? రోజూ బడి వేళకి తల దువ్వుకుని గేటు పట్టుకుని నిలబడుతోంది. ఎక్కడికే అంటే, గంట కొట్టేస్తారమ్మా అంటుంది. ఏం చెప్పమంటారు?”

తండ్రి దగ్గరికొచ్చి చిట్టి తల నిమిరాడు. ఆసుపత్రిలో తీసేసిన జుట్టు ఇంకా పొట్టిగానే ఉంది.

“ఏడో తరగతి లెక్కలకి జడిసే నేను బస్సు స్టీరింగ్ పట్టుకున్నాను, తెలుసా?”

చిట్టి పకపకా నవ్వింది. ఆయన నవ్వలేకపోయాడు. డ్యూటీకి ఆలస్యమవుతోందంటూ వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.

తల్లి కుర్చీ దగ్గరగా లాక్కుంది. “ఇదిగో, మేడమ్ ఇవాళ్టి లెక్కే అడుగుతారు. నువ్వేం ఆలోచించకు. అడగ్గానే పన్నెండు అనేసెయ్. సరేనా?”

“అలా చెప్పెయ్యకూడదమ్మా. చేసి చెప్పాలి.”

“ఈ ఒక్కసారికి, చిట్టీ. నా కోసం.”

పెద్ద మేడమ్ రావడం, చెప్పులు విప్పి లోపల కూర్చోవడం, మంచినీళ్లు పుచ్చుకోవడం అన్నీ చిట్టి కళ్లార్పకుండా చూసింది.

“ఏమ్మా, ఎలా ఉన్నావు?”

“బాగున్నాను మేడమ్. బడికి వస్తాను.”

మేడమ్ గొంతు సవరించుకుంది. “చిన్న లెక్క అడగనా? ఒక సంఖ్యలో సగం, మూడో వంతు కలిపితే ఐదు. ఆ సంఖ్య ఎంత?”

అది పొద్దుటి లెక్క కాదు. తల్లి చెయ్యి ఊపి వద్దని చెప్పేలోపే చిట్టి గర్వంగా అనేసింది.

“పన్నెండు!”

మేడమ్ మంచినీళ్ల గ్లాసు కింద పెట్టింది.

“ఎలా వచ్చింది?” అడిగింది మేడమ్, మెల్లగా.

చిట్టి తల్లికేసి చూసింది. తర్వాత తల దించుకుంది. “అమ్మ చెప్పమంది.”

మేడమ్ సంచీ అందుకుని లేచింది. తల్లి ఆమె వెంట గేటు దాకా పరుగెత్తింది.

“తప్పు నాది మేడమ్. దానికి అబద్ధం తెలీదు. ఇంకొక్క నెల...”

“ఆపగలిగినంత కాలం ఆపానమ్మా. ఇంక నా చేతుల్లో లేదు. ఆ చోటు ఇంకొకరికి ఇవ్వక తప్పదు.”

“పోనీ, చోటు వద్దు. ఊరికే వెనక బెంచీలో కూర్చోనివ్వండి. ఆ లెక్క రాసేంతసేపు చాలు. ఆ బోర్డు, ఆ పిల్లలు కళ్లెదురుగా ఉంటే దానికి అన్నీ వాటంతటవే గుర్తొస్తాయి. మీ కాళ్లు పట్టుకుంటాను!”

వంగబోతున్న ఆమెను మేడమ్ భుజాలు పట్టి ఆపేసింది.

“రేపు పొద్దున తీసుకురండి,” అంది చివరికి.

ఆ రాత్రి తల్లికి కంటి మీద కునుకు లేదు. పిల్లలు నవ్వితే? ఆ పొట్టి జుట్టు చూసి గుసగుసలాడితే? చిట్టి బెదిరిపోయి మళ్లీ మాట పడిపోతే? తెల్లారేసరికి వద్దనుకుంది. కానీ చిట్టి అప్పటికే తల దువ్వుకుని గేటు దగ్గరుంది.

బడి వరండా పొడుగునా తల్లి కూతురి చెయ్యి గట్టిగా పట్టుకునే నడిచింది. ఏడో తరగతి గదిలో పెద్ద మేడమ్ బోర్డు మీద ఆ రోజు లెక్క రాస్తోంది. పిల్లలు తలలు వంచి పుస్తకాల్లో ఎక్కించుకుంటున్నారు.

“వెనక బెంచీ,” అని గొణిగింది తల్లి. “ఎవరైనా ఏమన్నా పట్టించుకోకు.”

చిట్టి చెయ్యి విడిపించుకుని గుమ్మంలో అడుగు పెట్టింది. ముందు వరుసలో ఒకమ్మాయి తలెత్తి చూసింది. ఆమె చేతిలో పెన్ను ఆగిపోయింది. పక్కపిల్లను మోచేత్తో పొడిచింది. తల్లి కళ్లు మూసుకుంది.

బెంచీలు కిర్రుమన్నాయి. ఎవరూ చెప్పకుండానే, చిట్టిని చూసి క్లాసు క్లాసంతా లేచి నిలబడింది.

వాళ్ల లెక్కల టీచరుగారు తిరిగొచ్చారు.