ఐదడుగుల తొమ్మిదంగుళాల బోర్డు

"శుక్రవారంలోపు తొమ్మిది చలానాలూ కట్టకపోతే వ్యాను పట్టుకుపోతారట అత్తయ్యా" అన్నాడు అల్లుడు, బిక్కమొహం వేసుకుని.

టైలరమ్మ కాలర్ అట్ట కత్తిరించడం ఆపింది. పెదాల మధ్య ఉన్న గుండుసూదులు తీసి డబ్బాలో వేసింది. ఎవరైనా ఆమెతో ఏదైనా చెప్పుకోవాలంటే ఆ సూదులు నోట్లో ఉన్నప్పుడే చెప్పుకోవాలి. బయటికి తీసిందంటే ఇక నోరు మూసుకుని వినాల్సిందే.

"ఎవడబ్బ సొమ్మని పట్టుకుపోతారు?"

అల్లుడిది సామాన్లు చేరవేసే వ్యాను. పెళ్ళయి ఏడాది. కుట్టుషాపు పైనున్న రెండు గదుల్లో కాపురం, భార్యకి ఏడో నెల. వ్యాను కదిలితేనే ఇల్లు గడుస్తుంది. ఆ వ్యానుని షాపు ముందు "పార్కింగ్ చేయరాదు" బోర్డు కిందే పెట్టుకుంటున్నాడు. ఇన్నాళ్ళూ ఎవరూ ఏమీ అనలేదు. పోయిన నెల కొత్త పార్కింగ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బోర్డు కింద బండి కనబడితే ఆ మహానుభావుడి చెయ్యి ఊరుకోదు.

"బోర్డు ఉంది కదా. తప్పు మనదే" అన్నాడు అల్లుడు.

"బోర్డుంటే సరా? పెట్టమని మున్సిపాలిటీ తీర్మానం ఉండాలి. అది లేకపోతే బోర్డూ చెల్లదు, చలానా అసలే చెల్లదు."

"మూడేళ్ళ బోర్డట కదా. తీర్మానం ఉండే ఉంటుంది."

"ఉండదు."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

"ఆఫీసుల సంగతి నాకు తెలియదా? నువ్వెళ్ళి తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకో."

గురువారం పొద్దున ఇద్దరూ మున్సిపల్ ఆఫీసుకి వెళ్ళారు. విచారణ అధికారి టీ తాగుతూ కళ్ళతోనే కూర్చోమన్నాడు. కుర్చీ ఒకటే ఉంది. టైలరమ్మ కూర్చుంది. అల్లుడు గోడకి ఆనుకున్నాడు. ఇన్‌స్పెక్టరు బీరువా పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఏంటమ్మా మీ గోల?" అన్నాడు అధికారి.

"గోల కాదు సార్, అప్పీలు. ఆ బోర్డు పెట్టమని మీరు ఎప్పుడు తీర్మానం చేశారో చూపించండి."

ఇన్‌స్పెక్టరు నవ్వాడు. "మూడేళ్ళుగా ఉన్న బోర్డమ్మా అది. మా వాళ్ళు ఏటా కడుగుతున్నారు. కిందటేడు స్తంభానికి రంగు కూడా వేశారు."

"కడిగితే మీదైపోతుందా? మా పక్కన పళ్ళ డాక్టరు రోజూ పదిమంది పళ్ళు కడుగుతాడు. ఆ పళ్ళన్నీ ఆయనవేనా?"

అధికారికి టీ పొలమారింది. దగ్గు తగ్గాక గుమాస్తాని పిలిచి రిజిస్టరు తెమ్మన్నాడు. గుమాస్తా మూడేళ్ళ పేజీలు తిప్పాడు. అనుమానమొచ్చి మరో మూడేళ్ళు వెనక్కి తిప్పాడు.

"ఆ వీధి పేరే లేదు సార్" అన్నాడు గుమాస్తా.

అధికారి ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాడు. "బోర్డు మీద నంబరు చూశావా?"

"నంబరా సార్?"

"మన బోర్డుకి కింద కుడి మూల నంబరుంటుందయ్యా."

"చూడలేదు సార్" అన్నాడు ఇన్‌స్పెక్టరు. టైలరమ్మ మెడలో ఉన్న టేపు తీసి బల్ల మీద పెట్టింది.

"నంబరు లేదు, ఎత్తు కూడా తేడాయే సార్. అది నేల నుంచి ఐదడుగుల తొమ్మిదంగుళాలు. మీ గేటు దగ్గరున్నది ఏడడుగులు. వస్తూ వస్తూ స్టూలు అడిగి కొలిచాను."

"మరయితే దాన్ని పెట్టిందెవరు?" అన్నాడు అధికారి. ఆయనకి కోపం నెత్తికెక్కింది. "మున్సిపాలిటీ పేరుతో దొంగబోర్డు పెట్టినవాడు దొరికితే జైల్లో వేయిస్తాను."

"వేయించాలి సార్. అలాంటివాళ్ళని ఊరికే వదలకూడదు" అంది టైలరమ్మ.

తొమ్మిది చలానాల మీదా 'రద్దు' ముద్ర పడింది. మధ్యాహ్నానికల్లా ఇద్దరు మనుషులొచ్చి బోర్డు పీకి లారీలో పడేసుకుని పోయారు.

"మీరు లేకపోతే నా బతుకు బస్టాండయ్యేది అత్తయ్యా" అన్నాడు అల్లుడు. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి అతనికి. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత కంటినిండా నిద్రపోయాడు.

శుక్రవారం పొద్దున మొదటి ట్రిప్పు వేసుకుని తిరిగొచ్చేసరికి షాపు ముందు పళ్ళ డాక్టరు పేషెంట్ల కార్లు మూడు బారులు తీరి ఉన్నాయి. ఒకటి గుమ్మానికి అడ్డంగా ఉంది. వీధి చుట్టూ నాలుగుసార్లు తిరిగి, వ్యానుని రెండు వీధుల అవతల పెట్టి, రొప్పుకుంటూ నడిచొచ్చాడు. కార్ల మధ్య నుంచి పక్కకి తిరిగి, పొట్ట లోపలికి లాక్కుని షాపులో పడ్డాడు.

"ఇదేంటత్తయ్యా? నేనొచ్చిన దగ్గర్నుంచీ ఇక్కడ ఒక్క కారు ఆగడం చూడలేదు."

"మూడేళ్ళ కిందటి దాకా రోజూ ఇదే భాగోతం" అంది టైలరమ్మ, నోట్లోంచి సూదులు తీస్తూ.

ఆపైన స్టూలెక్కి, అటక మీద నుంచి సగం ఎండిన ఎర్ర పెయింటు డబ్బానీ, 'పార్కింగ్ చేయరాదు' అని అక్షరాలు కత్తిరించి ఉన్న పాత అట్టనీ దించి, దుమ్ము దులుపుతూ, "ఈసారి ఏడడుగుల ఎత్తు, కుడి మూల నంబరు, గుర్తుపెట్టుకో" అంది.