చెవిలో అన్న మాట

"కండ్లు ఇంట్లో పెట్టి వచ్చినావా రెఫరీ? గాడిదలు కాసుకోపో!"

ఎమ్మిగనూరు కోచ్ వెంకటేశులు అరుపుకు ఆదోని మైదానం ఘొల్లుమంది. సుబ్రమణ్యం మాత్రం విననట్టే బంతి వెంట పరుగెత్తాడు.

అతను గూడూరులో డ్రిల్లు మాస్టరు. ఆదోని, ఎమ్మిగనూరు రెండూళ్లలో ఏ ఊరివాడూ కాదని బాస్కెట్‌బాల్ ఫైనల్‌కు పిలిచారు. టోర్నమెంటు కార్యదర్శి భీమసేనరావు పొద్దున్నే హెచ్చరించాడు.

"పోయినేడు ఈడ తలకాయలు పగిలినాయప్పా. ఒక్క తప్పుడు ఈల ఊదినావంటే జిల్లాలో యాడా నీకు ఈల ఉండదు."

డ్రిల్లు మాస్టరంటే ఎవరికి లెక్క? ఈల చేతిలో ఉన్న గంటసేపే సుబ్రమణ్యం మాటకు నలుగురూ ఆగేది. అది పోతే అతనికి మిగిలేది శూన్యం.

వెంకటేశులు నోటికి హద్దు లేకపోయింది. "ఆదోనోళ్ల మిఠాయి మెక్కినావా?" అని కూడా అనేశాడు.

విరామంలో భీమసేనరావు ఉండబట్టలేక అడిగాడు. "అంతలేసి మాటలంటాంటే ఫౌల్ ఇయ్యవేమప్పా?"

"కడుపుమంట సార్ అది. అరుపుతో ఆట చెడిపోదు. అరవనీండి."

ఆదోని కోచ్ విశ్వేశ్వరయ్య తీరే వేరు. పెద్ద పత్తి వ్యాపారి. జుబ్బా నలగకుండా కూర్చున్నాడు. ఒక్క మాట తూలలేదు. పెద్దమనిషంటే ఆయనేనని జనం మెచ్చుకున్నారు. సుబ్రమణ్యం ఎందుకో ఆయన వైపు చూడకుండా ఆట నడిపించాడు.

ఇంకొక్క నిమిషం ఉంది. చెరి ముప్పై ఒకటి. ఆదోని టైమ్ అవుట్ అడిగింది.

విశ్వేశ్వరయ్య నవ్వుతూ వచ్చి సుబ్రమణ్యం భుజం మీద చెయ్యి వేశాడు. చెవిలో ఏదో అన్నాడు.

సుబ్రమణ్యం ముఖం పాలిపోయింది. అటు ఆదోని పిల్లలను, ఇటు ఎమ్మిగనూరు పిల్లలను చూశాడు. ఈల గట్టిగా మోగింది.

"టెక్నికల్ ఫౌల్! ఆదోని కోచ్!"

ఎమ్మిగనూరు పిల్లవాడు ఫ్రీ త్రో వేశాడు. బంతి రింగులో పడింది. మిగిలిన నిమిషంలో ఇంకెవరికీ పాయింటు రాలేదు. ఆ ఒక్క పాయింటుతోనే ఆదోని ఓడింది.

జనం విరుచుకుపడ్డారు. "అంత తిట్టినోణ్ణి వదిలి ఆయప్పకు ఫౌలా?"

భీమసేనరావు స్కోరు పుస్తకం ముందుకు తోశాడు. "ఏమన్నాడో రాసి సంతకం పెట్టు. ఫౌల్ ఇయ్యాల్సినంత మాట కాకపోతే ఆట రద్దు, నీ ఈల కూడా రద్దు. బూతేమన్నా అన్నాడా?"

"అంతకంటే పెద్ద మాట సార్. నన్నెవరూ అంత మాట అనలేదు."

దూరాన విశ్వేశ్వరయ్య వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాడు. సుబ్రమణ్యం కళ్లలో నీళ్లు తిరిగాయి. కలం తీసుకున్నాడు.

పిల్లనిమ్మని రెండేళ్లుగా తిరుగుతుంటే డ్రిల్లు మాస్టరుకు ఇవ్వమంటూ గడప బయటినుంచే పంపించేసిన ఆ పెద్దమనిషి మాటను ఉన్నదున్నట్టు రాశాడు: "ఈ ఆట మాకు గెలిపీ అల్లుడా, రేపే తాంబూలాలు పుచ్చుకుందాం."