అలక పడవ

సూట్‌కేసు ఒళ్ళో పెట్టుకుని మా బావ పడవలో కూర్చున్నాడు. "చెప్పినట్టే వెళ్ళిపోతున్నా," అన్నాడు ఒడ్డున నిలబడ్డ మా అక్కతో.

ఆ మాట మేం వినని రోజు లేదు. కూరలో ఉప్పు తగ్గినా, ఫ్యాను చప్పుడు చేసినా, "పడవ పూర్తి కానీ, వెళ్ళిపోతా" అంటూ మూతి ముడుచుకుని వరండాలో ప్లైవుడ్ ముక్కల్ని రాగితీగతో కుట్టుకునేవాడు. ఆయన బయటినుంచి తీగ దూరిస్తే, లోపల కూర్చుని కొసలు మెలిపెట్టడం అక్క వంతు.

"రెండు పక్కలా సమానంగా మెలిపెట్టాలి. ఒక పక్కే బిగిస్తే పడవ వంకరపోతుంది," అని రోజూ క్లాసు పీకేవాడు. కుట్ల మీద జిగురు ఆరాక, ఓడ కట్టినవాడిలా మీసం దువ్వుకున్నాడు.

ఇప్పుడు తెడ్డు వేశాడు. పడవ ఠీవిగా బయల్దేరి, ఎడమకు తిరిగి, ఇంకా తిరిగి, అక్క కాళ్ళ దగ్గరికే వచ్చింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ వచ్చింది.

"ఎడమపక్క తీగలు అంతలా బిగించిందెవరు?"

"నేనే," అంది అక్క, సూట్‌కేసు అందుకుంటూ. "మీరు వెళ్ళిపోతానన్నప్పుడల్లా ఒక మెలి ఎక్కువ వేశాను."