కుదురులేని దేవత

దేవతకు ముఖం లేదు.

వాంకూవర్‌లోని ఆ పాత మందుల షాపు గోడ మీద, రంగు టైల్స్ ముక్కలు అతికించి చేసిన నిలువెత్తు బొమ్మ. చేతిలో గిన్నె. భుజం మీంచి జారి అందులో మూతి పెట్టిన పాము. మెడ పైన మాత్రం ముక్కలన్నీ రాలిపోయి ఉత్త సిమెంటు.

"శనివారం ఓపెనింగ్. ఆలోగా ముఖం రాకపోతే పైన బోర్డు కొట్టించి టీవీ పెట్టేస్తానమ్మా," అన్నారు షాపును కొత్తగా కొన్న అమరేశ్వరరావుగారు.

"వచ్చేస్తుంది అంకుల్!" అంది హర్షిణి.

పాత గోడబొమ్మలు బాగుచేసే ఆమెకి, పెళ్లయి కెనడా వచ్చాక ఇదే మొదటి పని. పాత ఫొటో ఒక్కటైనా దొరుకుతుందేమోనని వీధంతా అడిగింది. ఎవరి దగ్గరా లేదు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి ఫక్కున నవ్వింది. పులిహోర మీద జీడిపప్పులతో కళ్లూ మూతీ పెట్టి పంపాడు జయదేవ్.

వెంటనే ఫోన్ చేసింది. "నీ పులిహోరకి కూడా ముఖముంది. నా దేవతకే లేదు!"

"పోనీ, జీడిపప్పులు పంపనా?"

"మొగుడివి కాబట్టి బతికిపోయావ్."

ఆ మాట అర్థం కాకపోయినా, ఎదురుగా కుర్చీలో ఉన్న ముసలావిడ నవ్వింది. రోజూ కాఫీ కప్పుతో వచ్చి, గోడను చూస్తూ కూర్చుంటుందావిడ.

"ఈ దేవత ఎవరో తెలుసా ఆంటీ?" ఇంగ్లీషులో అడిగింది హర్షిణి.

"హైజియా. గ్రీకుల వైద్యదేవుడి కూతురు. గిన్నెలోది మందు."

"మందా! నేను పాలనుకున్నా. నాగుల చవితికి మేమూ పోస్తాం, పాముకి."

"అయితే మన పాములు చుట్టాలే!"

"ముఖం ఎలా ఉండేదో గుర్తుందా?"

"చూసి చాలా ఏళ్లయిందిలే," అని ఆవిడ కప్పును రెండు చేతులతో పట్టుకుని, తల కాస్త వాల్చి ఊదుకుంది.

హర్షిణి గోడను చూసింది. ఆవిడను చూసింది. అదే మెడ వంపు!

"ఆంటీ, కదలకండి!"

పెన్సిలు పరుగెత్తింది. ముడతలు తీసేసి, వయసు తగ్గించి గీస్తోంది.

"అబ్బా, కుదురుగా కూర్చోండి ఆంటీ!"

"ఈ తిట్లు నాకు కొత్త కాదు," అని ఆవిడ మళ్లీ కదిలింది.

శనివారం గుడ్డ తొలగింది. అందరూ చప్పట్లు కొట్టారు. జయదేవ్ అయితే ఈల కూడా వేశాడు.

"బోర్డు క్యాన్సిల్!" అని ప్రకటించారు అమరేశ్వరరావుగారు.

అంతలో ముసలావిడ వచ్చింది, ఒక ముసలాయన కూర్చున్న చక్రాల కుర్చీ తోసుకుంటూ.

"ఈ బొమ్మ చేసింది ఆయనేనట, ఇందాకే తెలిసింది," గుసగుసగా చెప్పారు అమరేశ్వరరావుగారు. "పాపం, మతిమరుపు జబ్బు. భార్యని కూడా గుర్తుపట్టక రెండేళ్లయిందట."

హర్షిణి కంగారుపడింది. చేసినాయన ముందే పరాయి ముఖం అతికించానే! 'ఇది నా దేవత కాదు' అంటే?

జయదేవ్ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ముసలాయన గోడ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత మెల్లగా తల తిప్పి, తన కుర్చీ వెనక నిలబడిన ఆవిడ ముఖంలోకి చూశాడు.

"ఎలేనీ, ఈ బొమ్మ చేసేటప్పుడు కుదురుగా కూర్చోవే అంటే, ఒక్క నిమిషమైనా విన్నావా?" అన్నాడు.